మూడు నెలల పుట్టిల్లు

వాక్యభాగము: లూకా సువార్త 1వ అధ్యాయము, 39 నుండి 58 వచనములు





మన తెలుగువారిలో ఒక ఆచారము తరతరాలుగా ఉన్నది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడవ నెల వచ్చేసరికి తండ్రో అన్నో వచ్చి ఆడపిల్లను తీసుకొని పోతారు. తల్లి చేతి వంట, తల్లి కళ్ళ ముందు నిద్ర, పురిటి మంచము, పథ్యము, మూడవ నెలలో బిడ్డతో తిరిగి అత్తవారింటికి ప్రయాణము. ఇది మతముతో పనిలేని ఆచారము. మన క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉన్నది. మంచి ఆచారమే.

అయితే మన తాతలు, తండ్రులు పొట్ట చేతపట్టుకొని ఊళ్ళు విడిచినవారు. కొందరు కోలారు బంగారు గనులకు వచ్చారు, కొందరు షోలాపూరు, భీవండి మగ్గాలకు పోయారు, కొందరు బరంపురం, రాయగడ వైపు స్థిరపడ్డారు, కొందరు మద్రాసు చేరారు. ఇప్పుడు మన పిల్లల పెళ్ళిళ్ళు ఈ ఊరినుండి ఆ ఊరికి, ఆ రాష్ట్రమునుండి ఈ రాష్ట్రమునకు జరుగుతున్నాయి. పుట్టిల్లు ఒక్కోసారి రెండు రైళ్ళ దూరము. తల్లికి ఆరోగ్యము బాగుండదు, లేక కూలికి పోకపోతే పూట గడవదు, లేక తల్లే లేదు.

కొద్ది నెలల క్రితం ఆరాధన ముగిసిన తరువాత ఒక చిన్న బిడ్డ, ఇరవై రెండేళ్ళుంటాయేమో, గుడి మెట్ల మీద నా దగ్గరకు వచ్చింది. "మాస్టారూ, మా అమ్మ రాలేనంటోంది. నాకు ఆరో నెల. ప్రార్థన చేయండి" అంది. నేను తలమీద చేయి ఉంచి ప్రార్థించాను. ఆమె వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చాక నా మనస్సాక్షి నన్ను అడిగింది: ఆ బిడ్డ అడిగినది ప్రార్థన ఒక్కటేనా? ఆ ప్రశ్ననుండి పుట్టినదే ఈ ప్రసంగము.

1. మరియ ఎవరి ఇంటికి వెళ్ళింది?

నజరేతులో ఒక కన్యక. దేవదూత వచ్చి చెప్పిన మాట ఎంత గొప్పదో అంత బరువైనది. దూత వెళ్ళిపోయాడు. ఆ ఊరిలో ఆమె ఎవరితో చెప్పుకోగలదు? లూకా అంటున్నాడు, ఆమె త్వరపడి కొండసీమకు, యూదా ప్రాంతములోని ఒక ఊరికి వెళ్ళింది. నజరేతునుండి ఆ సీమకు నాలుగైదు రోజుల నడక. తొలినెలల్లో ఉన్న అమ్మాయికి ఆ నడక ఏమిటో, ఈ పత్రిక చదువుచున్న తల్లులకు నేను చెప్పనవసరము లేదు.

ఆమె వెళ్ళినది తల్లి దగ్గరకు కాదు. బంధువురాలైన ఎలీసబెతు దగ్గరకు. ఎలీసబెతు వయస్సు మళ్ళిన స్త్రీ. గొడ్రాలని ఊరు అనగా విన్న స్త్రీ. ఆమెకు అప్పుడు ఆరవ నెల.

గుమ్మములో మరియ వందనము చేసింది. ఎలీసబెతు ఏమన్నది? "ఇదెట్లా జరిగింది? నీ తల్లిదండ్రులకు తెలుసా? ఊళ్ళో ఏమనుకుంటున్నారు?" అని అడిగిందా? లేదు. మొదట దీవించింది. నీవు ధన్యురాలవన్నది. నీవు నా ఇంటికి రావడమే నాకు గౌరవమన్నది. ఆమె గర్భములోని బిడ్డ సంతోషముతో గంతులు వేశాడు. ఆ తరువాతనే మరియ నోటినుండి స్తుతి వచ్చింది. గమనించండి: నజరేతులో దూతకు లోబడిన మరియ, ఎలీసబెతు ఇంట్లో దేవుని స్తుతించింది. విశ్వాసము ఒంటరిగా కలుగవచ్చు. అది పాటగా మారడానికి ఒక్కోసారి మరొక స్త్రీ గుమ్మము అవసరము.

మనము గర్భిణిని చూడగానే మొదట ఏమంటాము? "ఏమ్మా, కడుపు చిన్నగా ఉందే?" "ఇంత నల్లబడ్డావేం?" "ఈసారైనా మగపిల్లాడేనా?" ఇవి మన పలకరింపులు. ఎలీసబెతు పలకరింపు వేరు. మొదట దీవెన, తరువాత ఇల్లు, ఆ తరువాతనే సలహా. ఈ వరుస తప్పితే సలహా ఎంత మంచిదైనా రాయిలా తగులుతుంది.

2. నా ఇంటి సాక్ష్యము

ఇక్కడ నేను నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇంతవరకు బల్లమీద నిలబడి చెప్పలేదు.

1984లో నాకు పెళ్ళయింది. నా భార్య ఒంగోలు దగ్గర పల్లెనుండి వచ్చింది. నేను గనుల లైన్లలో తెలుగు పిల్లలకు పాఠము చెప్పేవాణ్ణి. చుట్టూ తమిళము, కన్నడము. ఆమెకు తెలుగు తప్ప మరో మాట రాదు. మరుసటి సంవత్సరము ఆమె గర్భవతి అయినది. ఆమె తల్లి చనిపోయి అప్పటికి మూడేళ్ళు. వదినలు కబురు పంపలేదు. "ఇక్కడే ఉండనీ, నేనున్నానుగా" అన్నాను.

నేను టీచరు ట్రైనింగు చదివినవాణ్ణి. శిశువుల మనస్సును గురించి మాకు పుస్తకాలు పుస్తకాలు చెప్పారు. గర్భములో ఉన్న శిశువును గురించి, ఆ శిశువును మోసే తల్లిని గురించి ఒక్క పాఠము లేదు. అది ఆడవాళ్ళ సంగతి అనుకునేవాణ్ణి.

ఎనిమిదవ నెల. డిసెంబరు. నేను క్రిస్మసు నాటకము పనిలో ఉన్నాను. ఆమె కాళ్ళే కాదు, చేతులు, మొహము కూడా వాచాయి. పక్కింటావిడ "నీరు పట్టడం మంచిదే, కాన్పు సులువవుతుంది" అన్నది. మంచి మనస్సుతోనే అన్నది. రెండు రోజులు తలనొప్పి అన్నది నా భార్య. కళ్ళు మసకగా ఉన్నాయన్నది. నేను తలనొప్పి బిళ్ళ ఇచ్చి, ప్రార్థన చేసి, నాటకము సాధనకు వెళ్ళాను. అంతకుముందు నెల ఆసుపత్రిలో నర్సమ్మ ఏదో గట్టిగా చెప్పిందట. ఆమెకు భాష అర్థము కాలేదు, తల ఊపి వచ్చేసింది. నన్ను వెంట రమ్మని అడిగితే బడి ఉన్నదన్నాను.

ఆ రాత్రి ఆమెకు ఫిట్సు వచ్చాయి. మన పెద్దలు దానిని గుర్రపువాతము అనేవారు. రక్తపు పోటు పెరిగి వచ్చే జబ్బు అది. ఆసుపత్రివారు ఆమెను బ్రతికించారు. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

ప్రియులారా, నేను ప్రార్థన చేయలేదని కాదు. ప్రార్థన చేశాను. కాని దేవుడు నా భార్య నోటితో రెండు రోజులు నాతో మాట్లాడాడు. నేను వినలేదు. వినవలసిన చోట ప్రార్థించి తప్పించుకోవడము కూడా అవిశ్వాసమే అని నేర్చుకోవడానికి నాకు చాలా కాలము పట్టింది.

తరువాత సంఘములో కొందరు వచ్చి "దేవుని చిత్తము" అని వెళ్ళిపోయారు. ఒక అవ్వ మాత్రము, గనిపనిలో భర్తను పోగొట్టుకున్న విధవరాలు, రోజూ పొద్దున వచ్చి నా భార్య పక్కన కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు. రాగిజావ కాచి ఇచ్చేది, తల దువ్వేది, వెళ్ళేది. నలభై రోజులు అలా వచ్చింది. ఆమెకూ ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారని ఆ నలభై రోజుల తరువాత గాని మాకు తెలియలేదు.

1988లో మళ్ళీ దేవుడు కనికరించినప్పుడు ఆ అవ్వ నాతో అన్న మాట ఇది: "అయ్యా, ఈసారి పిల్ల మా ఇంట్లో ఉంటది. నువ్వు వచ్చి చూసిపో." ప్రతి నెలా ఆమే చేయి పట్టుకొని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళింది, నర్సమ్మ మాట విని మా ఆవిడకు తెలుగులో చెప్పింది. చివరి మూడు నెలలు ఆ ఒంటి గది ఇల్లే నా భార్యకు పుట్టిల్లు. ఆ సంవత్సరము పుట్టిన ఆడబిడ్డ ఇప్పుడు తానూ ఉపాధ్యాయురాలే. గనులు 2001లో మూతపడ్డాయి. అవ్వ ప్రభువునందు నిద్రించింది. లూకా 1వ అధ్యాయము చదివినప్పుడెల్లా ఎలీసబెతుకు నాకు ఆ అవ్వ ముఖమే కనబడుతుంది.

3. ఆ ఇంట్లో ఏమి మాట్లాడుకున్నారు?

మరియ ఇంచుమించు మూడు నెలలు అక్కడ ఉన్నదని 56వ వచనము చెబుతున్నది. ఏమి మాట్లాడుకున్నారో లూకా వ్రాయలేదు. అయితే ఒకరికి ఆరవ నెలనుండి తొమ్మిదవ నెలవరకు, మరొకరికి తొలి మూడు నెలలు. ఇద్దరినీ కలిపితే గర్భకాలములో ఎక్కువ భాగము ఆ ఒక్క ఇంట్లోనే గడిచింది. ముందు నడిచేది చూసి వెనుక వచ్చేది నేర్చుకున్నది. తీతుకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు బోధించాలని పౌలు చెప్పినది కూడా ఇటువంటి సంగతే. అది ప్రసంగపీఠము మీద బోధ కాదు, పొయ్యి దగ్గర బోధ.

మరొక సంగతి. ఆ ఇంట్లో మాట్లాడలేని మగవాడు ఒకడున్నాడు. జెకర్యా యాజకుడు, చదువుకున్నవాడు, దూతమాట నమ్మక మూగవాడయ్యాడు. అది అతనికి శిక్షే. కాని ఆ నెలల్లో అతడు ఎంత విని ఉంటాడో ఆలోచించండి. కడుపుతో ఉన్న ఆడమనిషి ఇంట్లో ఉన్నప్పుడు మగవాడు మాట తగ్గించి చెవి పెంచితే నష్టము లేదు.

మన గుడి ఆవరణలో చింతచెట్టు క్రింద ఆరాధన తరువాత ఆడవాళ్ళు కూర్చుంటారు. కడుపుతో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు, పిల్లలు కన్నవాళ్ళు పది మంది. నా భార్య పక్కన నేనూ కొంతసేపు కూర్చొని విన్నాను. "వదినా, నాకు పొద్దున్నే వాంతులు, ఏం తింటే ఆగుతాయి?" "ఒకేసారి తినకు, కొంచెం కొంచెం తిను." "అక్కా, రాత్రి కాళ్ళు పట్టేస్తున్నాయి." "మా అత్త బొప్పాయి ముట్టొద్దంది." "నాకు భయంగా ఉందక్కా." ఈ చివరి మాట చాలా మెల్లగా వచ్చింది. అందరూ ఒక్కసారి ఊరుకున్నారు. తరువాత ఒకావిడ "నాకూ వేసింది" అన్నది. అంతే. ఆ రెండు మాటలు నా ముప్పావుగంట ప్రసంగముకంటె ఎక్కువ ఆదరణ ఇచ్చాయని నేను ఒప్పుకోవాలి.

కాని చెట్టు క్రింద చెప్పేవన్నీ మంచివి కావు. సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకోవాలని పౌలు థెస్సలొనీకయులకు నేర్పాడు. సలహాలకు కూడా ఇదే పరీక్ష. కొన్ని చూద్దాము.

"ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అంటారు. ఇది ప్రాణము తీసే సలహా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో గర్భిణీ స్త్రీలలో 52 శాతముపైగా రక్తహీనతతో ఉన్నారు. అంటే చెట్టు క్రింద కూర్చున్న ప్రతి ఇద్దరిలో ఒకరు. రక్తము తక్కువైన తల్లి కాన్పులో కొద్దిగా రక్తము పోయినా తట్టుకోలేదు. పప్పు, గుడ్డు, ఆకుకూరలు, మునగాకు, వేరుశనగ, రాగులు మన బీద ఇళ్ళలో దొరికేవే. ఇంట్లో ఆమె అందరికంటె చివర తినడము మానాలి.

"ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది" అంటారు. అబద్ధము. కుంకుమపువ్వు తాగితే బిడ్డ ఎర్రగా పుడుతుందనేదీ అంతే. నాలుగవ నెలనుండి రోజుకొకటి చొప్పున కనీసము 180 రోజులు ఆ మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వము ఉచితముగా ఇస్తున్నది. టీ కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే బాగా పడుతుంది. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకే పూట కలిపి వేసుకోకూడదు.

"గ్రహణము నాడు కదలకుండా పడుకోవాలి, లేకపోతే గ్రహణం మొర్రి వస్తుంది" అంటారు. మన విశ్వాసుల ఇళ్ళలో కూడా గ్రహణము నాడు గర్భిణికి మంచినీళ్ళు ఇవ్వనివారిని చూశాను. సూర్యచంద్రులను చేసినవాడు మన తండ్రి కాదా? వాటి నీడకు భయపడి గుక్కెడు నీళ్ళు మాన్పించడము ఏ విశ్వాసము?

"తొలిపాలు పిండి పారబోయాలి" అంటారు. ముర్రుపాలు దేవుడు బిడ్డకు వేసిన మొదటి టీకా అనుకోండి. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. తేనె, పంచదార నీళ్ళు నోట్లో వేయకూడదు. ఆరు నెలలవరకు తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అవసరము లేదు. బొడ్డుకు పసుపు, బూడిద వంటివి పూయకూడదు.

ఇక నా ఇంటిని కూల్చిన సలహా: "నీరు పట్టడం మంచిదే." కాళ్ళకు కాస్త వాపు చాలామందికి వస్తుంది. కాని మొహము, చేతులు వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, పైపొట్టలో నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. రక్తపు పోటు 140/90 గాని అంతకు మించి గాని ఉంటే డాక్టరు చూడవలసిందే. అలాగే రక్తస్రావము, ఉమ్మనీరు పోవడము, జ్వరము, బిడ్డ కదలిక తగ్గడము, ఫిట్సు, వీటికి రేపటివరకు ఆగకూడదు. ఈ గుర్తులను ప్రతి భర్త కంఠతా పట్టాలి. మనము 23వ కీర్తన కంఠతా పట్టినట్లు పట్టాలి.

4. సిద్ధపాటు కూడా విశ్వాసమే

కొందరంటారు: "అన్నీ దేవుడే చూసుకుంటాడు, ముందుగా సిద్ధపడడము ఎందుకు?" బైబిలులోని తల్లులను చూడండి.

యోకెబెదు బిడ్డను నీళ్ళలో విడిచిపెట్టవలసి వచ్చినప్పుడు ఊరికే వదలలేదు. జమ్ముపెట్టె తీసుకొని, నీరు చొరకుండా పూత పూసి, అప్పుడు విడిచింది. ఆమె నమ్మకము ఆ పూతలో కనబడుతున్నది. హన్నా తన కుమారుడైన సమూయేలుకు ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్ళేది. బిడ్డ దగ్గర లేకపోయినా ఈ సంవత్సరము ఎంత పెరిగి ఉంటాడో లెక్క వేసుకొని కుట్టిన తల్లి ఆమె. మానోహ దేవునికి చేసిన ప్రార్థన న్యాయాధిపతులు 13వ అధ్యాయములో ఉన్నది: పుట్టబోయే బిడ్డకు మేమేమి చేయాలో మాకు నేర్పమని. తండ్రి చేయవలసిన ప్రార్థన అది. దేవుడు పంపిన జవాబులో తల్లి ఏమి తాగకూడదో, ఏమి తినకూడదో కూడా ఉన్నది. గర్భిణి పథ్యము పరలోకమునకు చిన్న సంగతి కాదు.

మరియను చూడండి. బేత్లెహేములో చోటు లేదు, మంచము లేదు. అయినా బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టింది. దూరప్రయాణములో ఆ గుడ్డలు మూటలో పెట్టుకొని వచ్చిందని నేననుకుంటాను. మన వాళ్ళు కాన్పుకు ముందు కొత్త బట్టలు కొనరు. మంచిదే, కొనవద్దు. పాత నూలుచీరలు ఉతికి, ఎండలో ఆరబెట్టి, మడతపెట్టి ఉంచండి. ఆ సంచిలోనే తల్లీ బిడ్డల కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకము, పరీక్ష కాగితాలు పెట్టండి. ఏ ఆసుపత్రి, ఏ బండి, రాత్రివేళ ఎవరు తోడు వస్తారు, రక్తము కావలసివస్తే ఎవరిస్తారు, ఇంట్లో పెద్దబిడ్డను ఎవరు చూస్తారు, ఎనిమిదవ నెలలోపే తేల్చుకోవాలి. 108 బండికి ఫోను చేయడము ఇంట్లో అందరికీ తెలియాలి.

వలస వచ్చినవారము గనుక ఇంకొక మాట. "మాకు ఇక్కడ ఏమీ రాదు" అని ఊరుకోకండి. మూడవ నెల నిండకముందే మీరున్న ఊరి అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రములో పేరు వ్రాయించండి. కర్ణాటకలో దానిని తాయి కార్డు అంటారు. కనీసము నాలుగుసార్లు పరీక్ష జరగాలి. 2016నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్ష పథకము నడుస్తున్నది. 2011లో వచ్చిన మరొక పథకము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను అయినా సరే, మందులు, రవాణా ఉచితము. ప్రధానమంత్రి మాతృవందన యోజన క్రింద అర్హులైనవారికి మొదటి బిడ్డకు 5000 రూపాయలు, 2022నుండి రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే 6000 రూపాయలు ఇస్తున్నారు. తమిళనాడులో డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డిగారి పేరున వేరే సహాయము ఉన్నది. ఒడిశాలో 2011లోనే మమత పథకము మొదలుపెట్టారు. భాష వచ్చిన మన పిల్లలు భాష రాని కోడళ్ళకు ఈ కాగితాలు నింపిపెట్టాలి. అది యౌవనస్థుల సమాజము చేయగల సువార్త పరిచర్య.

5. తలుపు తట్టిన ముగ్గురు

వేలూరు ఆసుపత్రి మనలో చాలామందికి తెలుసు. దాని వెనుక మూడు పురిటి మంచాలున్నాయి. ఐడా స్కడరు అనే మిషనరీ కుమార్తె 1870లో రాణిపేటలో పుట్టింది. అమెరికాలో చదువుకొని, తల్లి జబ్బుగా ఉన్నదని తిండివనము వచ్చింది. మిషనరీ కావాలనే కోరిక ఆమెకు లేదు. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తరువాత ఒకరు, ఆమె తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిము, మరొకరు మరొక హిందువు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టములో ఉన్నారు. "నా తండ్రి డాక్టరు, ఆయన వస్తారు" అన్నది ఆమె. మగ డాక్టరు తమ ఆడవాళ్ళను ముట్టడానికి వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

ఆమె ఆ తలుపు చప్పుడును దేవుని పిలుపుగా విన్నది. తిరిగి వెళ్ళి వైద్యము చదివి, 1899లో పట్టా పొంది, 1900లో వేలూరులో చిన్నగా పని మొదలుపెట్టింది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించింది. ఆమె జవాబు వైద్యము చదవడము. మన అవ్వ జవాబు రాగిజావ. ఎవరి చేతిలో ఏమున్నదో అది. ఇద్దరూ తలుపు చప్పుడు విన్నారు, అదే ముఖ్యము.

6. చెట్టు క్రిందికి రానివారు

ఒక్క మాట మెల్లగా చెప్పాలి. గర్భిణులు కూర్చున్న చోటికి కొందరు రారు. బిడ్డను పోగొట్టుకున్నవారు, ఎన్నేళ్ళకూ కడుపు పండనివారు. వారి కన్ను తగులుతుందని మనలో కొందరు భయపడతారు, శుభకార్యములో వెనక్కి నెడతారు. నా భార్యను కూడా ఆ రోజుల్లో ఒక ఇంటి సీమంతానికి పిలవలేదు. ఆ గాయము బిడ్డ పోయిన గాయము పక్కనే ఇప్పటికీ ఉన్నది.

రాహేలు ఎఫ్రాతా దారిలో కాన్పులో చనిపోయింది. హన్నా మందిరములో ఏడుస్తుంటే యాజకుడే తాగినదనుకున్నాడు. బైబిలు వారిని దాచలేదు. ఎలీసబెతే చాలా ఏళ్ళు ఆ వరుసలో కూర్చున్నది. అందుకే మరియ వచ్చినప్పుడు ఎలా పలకరించాలో ఆమెకు తెలిసింది. దెబ్బతిన్న స్త్రీని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె దగ్గర అపశకునము లేదు, అనుభవము ఉన్నది.

ఆడపిల్లా మగపిల్లాడా అని కడుపులో ఉండగానే తెలుసుకోవాలనుకునేవారితో కూడా ఒక మాట. 1994లో చేసిన చట్టము ప్రకారము అది నేరము. చట్టము లేకపోయినా 139వ కీర్తన ఉన్నది. తల్లి గర్భములో బిడ్డను నిర్మించుచున్నవాడు దేవుడని అది చెబుతున్నది. ఆయన చేతిపనిని చూసి ముఖము చిట్లించే హక్కు తాతకూ లేదు, నాయనమ్మకూ లేదు.

7. సంఘము పుట్టిల్లు కావాలి

58వ వచనము చూడండి. ఎలీసబెతు ప్రసవించినప్పుడు ఇరుగుపొరుగువారు, బంధువులు వచ్చి ఆమెతో కలిసి సంతోషించారు. ప్రభువు చూపిన కనికరము ఒక ఇంట్లో మొదలై వీధి అంతా పాకింది. మన సంఘములు అటువంటి వీధులు కావాలి. మన బాప్తిస్టు సంఘములలో శిశువులకు బాప్తిస్మము ఇవ్వము, బిడ్డను తెచ్చి ప్రభువునకు ప్రతిష్ఠ చేస్తాము. ఆ రోజు సంఘమంతా లేచి నిలబడి, ఈ బిడ్డను ప్రభువు భయములో పెంచడానికి సహాయపడతామని ఒప్పుకుంటాము. అయితే మన బాధ్యత ఆ ఆదివారము మొదలవుతుందా? తొమ్మిది నెలల ముందే మొదలైనది.

కాబట్టి ప్రతి సంఘమునకు నా మనవి. స్త్రీల సమాజమువారు గర్భిణులైన ప్రతి సహోదరికి ఒక పెద్ద ముత్తైదువనో విధవరాలినో, ఎవరైనా సరే, ఎలీసబెతుగా నియమించండి. ఆమె నెలనెలా వెంట వెళ్ళాలి, భాష రానిచోట మాట చెప్పాలి, పురుడు వచ్చిన మొదటి వారము అన్నము పంపాలి. పెద్దలైన పురుషులు ఒక బండి, ఒక ఫోను, రక్తమిచ్చే నలుగురి పేర్లు సిద్ధముగా ఉంచాలి. భర్తలారా, నెలకొక రోజు సెలవు పెట్టండి. ఆ రోజు జీతము పోతే పోతుంది. నేను పెట్టని సెలవుకు ఎంత పోయిందో మీకు చెప్పాను.

మెట్ల మీద నన్ను ప్రార్థన అడిగిన ఆ బిడ్డ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రాత్రి నేను నా భార్యతో ఈ సంగతి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మరుసటి ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆమె ఆ బిడ్డ దగ్గరకు వెళ్ళి, "అమ్మాయ్, మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. నువ్వు వచ్చి ఉండు" అన్నది. మా ఇల్లు ఇప్పుడు సందడిగా ఉన్నది. వరండాలో తీగమీద పొత్తిళ్ళు ఆరుతున్నాయి.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, గర్భములో మమ్మును రూపించినవాడవు నీవే. పాలిచ్చువాటిని మెల్లగా నడిపించే కాపరివి నీవే. మా సంఘములలో గర్భవతులైన ప్రతి సహోదరిని జ్ఞాపకము చేసుకొనుము. భయపడేవారికి తోడు దయచేయుము. బిడ్డలను పోగొట్టుకున్నవారి కన్నీళ్ళు తుడువుము. కనిపెట్టుచున్నవారిని ఆదరించుము. పురుషులమైన మాకు వినే చెవులు ఇమ్ము. మా ఇళ్ళ తలుపులు ఎలీసబెతు తలుపువలె తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.